గడప దాటని తోడు

మా ఇంటి తోడు చచ్చిపోయిందని క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులుందనగా, తోమాస్ పండుగ రోజు పొద్దున్నే తెలిసింది.

తోడంటే పాలకు పెట్టేది కాదు, బీరుకు పెట్టేది. పొట్లాల్లో కట్టి షాపుల్లో అమ్మేదాన్ని ఈస్టు అంటారు. ఇంట్లో ఒక కాపు బీరు అడుగున తీసి, దాచి, మరో కాపుకు వేసుకుంటూ తరతరాలుగా సాకేది మాత్రం మాకు తోడే. నా మొగుడు ఎల్దార్ నేలమాళిగ మెట్ల మీద కూర్చుని సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. నారింజ తొక్క వాసన రావలసింది పోయి చచ్చిన ఎలుక కంపు కొట్టింది. ఎండబెట్టిన తోడు రేకులు ఫ్రీజర్లో ఉన్నాయిగా అన్నాను. అన్నాక ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. దుప్పి వేటకు వెళ్లిన వారంలో ఫ్యూజు పోయి ఫ్రీజరంతా కరిగి నీళ్లయింది. మాంసం పారేశాం. రేకుల సంచిని మాత్రం తుడిచి మళ్లీ అందులోనే పెట్టాం, మా అంత తెలివైనవాళ్లు ఇంకెక్కడా ఉండరు గనక. ఇప్పుడు తీసి చూస్తే లోపలంతా నల్లగా బూజు.

 బ్రెక్కె అన్న మా ఇంటిపేరు ఈ లోయలో నిలబడిందే ఆ తోడు మీద. మూడేళ్ల కిందట బెర్గెన్ పట్నం నుంచి కుర్రాళ్లు వచ్చి, ఎల్దార్‌ను పొగిడి ఒక చెంచాడు పట్టుకెళ్లి, దాంతో బీరు కాచి, సీసా మీద మా ఇంటి పేరు వేసి అమ్ముతున్నారు. సీసా వెనకాల ఎల్దార్ చెప్పిన కథ అచ్చు వేశారు. అతను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు పక్క పొలం నేస్ వాళ్ల ఇల్లాలు క్రిస్మస్ ముందు మా గుమ్మంలో నిలబడి, కూజా చాపి, తోడు పెట్టమని అడిగిందట. మా మామగారు "బ్రెక్కె తోడు పరాయివాళ్ల కోసం గడప దాటదు" అని తలుపేశారట. గడప దాటని తోడు అని పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు బెర్గెన్ వాళ్లు. ఆ కథ ఎవరికి చెప్పినా ఎల్దార్ ఛాతీ ఉప్పొంగేది.

నేస్ వాళ్ల బీరు గడ్డి నానేసిన నీళ్లని మా మామగారు లోయంతా చాటారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన నాకు చెప్పిన మొదటి బుద్ధి, ఆ ఇంటి వైపు వెళ్లొద్దని. అందరిళ్లకీ వెళ్లేవాళ్లం, కూతవేటు దూరంలో ఉన్న ఆ ఇంటికి తప్ప. ఎందుకని నేనూ అడగలేదు. ఇప్పుడక్కడ ఆ ఇల్లాలి కూతురు సిన్నెవా ఒక్కతే ఉంటోంది. ఎనభైకి దగ్గర పడింది.

క్రిస్మస్‌కు బీరు లేని ఇల్లంటే మాకు పొయ్యి రాజేయని ఇంటితో సమానం. పండుగ మర్నాడు లోయలోని వాళ్లంతా మా ఇంటికే ముందు వస్తారు. మా తోడు చురుకైంది, రెండు రోజుల్లో బీరు తయారు చేసిపెడుతుంది. అంటే ఈ రోజు ఎక్కడైనా దొరికితే సరి, లేకపోతే పరువు గంగలో కలిసినట్టే. బెర్గెన్ వాళ్లనే అడుగుదామన్నాను. ఎల్దార్ మండిపడ్డాడు. మన తోడులో ఎన్నో రకాలు కలిసి బతుకుతాయి, వాళ్లు వంశం మొత్తంలోంచి ఒక్కణ్ణి ఏరి పెంచుకుంటున్నారు, నాకు వంశమంతా కావాలి అన్నాడు. మా మామగారు బతికుండగా రక్తసంబంధమున్న ఇద్దరికి మాత్రం తోడు ఇచ్చారు. ఒకడు ఎల్దార్‌కు పెదనాన్న కొడుకు లైదుల్వ్. రెండోవాడు సొంత అన్న తోర్‌గైర్. అన్నదమ్ముల మధ్య మూడేళ్లుగా మాటల్లేవు.

తోమాస్ రోజు కావడం ఒక రకంగా కలిసొచ్చింది. కాపులన్నీ ముగించి, జనమంతా కార్లేసుకుని ఒకరింటి బీరు ఒకరు రుచి చూస్తూ తిరిగే రోజది. ఎందుకొచ్చారని ఎవరూ అడగరు. తాగేది ఎల్దార్, తోలేది నేను. పోలీసులు ఊదించారంటే లైసెన్సు పోతుంది కాబట్టి నాకు వాసనతో సరి.

దారిలో ఆగక తప్పని ఇళ్లలో ఆగాం. ఒకచోట పొగ వాసన కొట్టే నల్లటి బీరు, ఒకచోట జూనిపర్ రెమ్మలు మరీ ఎక్కువేసిన చేదు బీరు. చెక్క గిన్నె చేతికిస్తారు, రెండు చేతులా పట్టుకుని తాగాలి. మా వైపు బాగుందని నోటితో అనడం మర్యాద కాదు. గిన్నె కింద పెట్టి "కొంచెం తోడు పెడతారా?" అని అడగాలి. అంతకు మించిన పొగడ్త లేదు. ఎల్దార్ జన్మలో ఎవర్నీ ఆ మాట అడిగిన పాపాన పోలేదు. బ్రెక్కె వాళ్లు అడిగించుకునేవాళ్లే గాని అడిగేవాళ్లు కారు. ప్రతి ఇంట్లోనూ మీదెలా కుదిరిందని అడిగారు. ఎప్పటిలాగే అన్నాడు ఎల్దార్, కళ్లార్పకుండా.

లైదుల్వ్ గిన్నె నిండా పోసి ఇచ్చాడు. వంగి చూస్తే బీరు నీళ్లలా తేటగా ఉండి గిన్నె అడుగు కనిపించింది. ఎల్దార్ ఒక గుక్క తాగి నా వైపు చూశాడు. నేను వాసన చూశాను. ఏ వాసనా లేదు. నాన్న ఇచ్చిన తోడేమైందిరా అని ఎల్దార్ ఊరికే అడిగినట్టు అడిగాడు.

"అదా? ఎప్పుడో పందులకు పోశా. పొట్లం చింపి వేస్తే పనైపోతుంటే, దాన్ని పసిబిడ్డలా ఎవడు సాకుతాడన్నయ్యా?"

 ఆ తోడు తమ ఇంట్లోనూ ఉందని చెప్పుకునే వీడు పెళ్లి చేసుకున్నాడు. ఎల్దార్ గిన్నె ఖాళీ చేసి, కారులో కూర్చున్నాక కళ్లు మూసుకున్నాడు.

ఇక మిగిలింది తోర్‌గైర్. పెద్దకొడుకు, పొలమూ ఇల్లూ చట్ట ప్రకారం అతనివే. కాని పాతికేళ్లు నిండీ నిండకుండానే అవన్నీ తమ్ముడికి వదిలేసి, కొండకు అవతల హార్డాంగెర్‌లో ఆపిల్ తోట ఉన్న పిల్లను చేసుకుని వెళ్లిపోయాడు. పిల్ల మోజులో పొలం వదులుకున్నాడని అందరూ నవ్వారు. బెర్గెన్ సీసాలు బజారులోకి వచ్చిన వారం ఫోన్ చేసి, ఆ సీసా మీద పేరు తీయించు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నీకు కళ్లు కుట్టాయి అని ఎల్దార్ ఫోన్ పెట్టేశాడు. అంతే, అప్పట్నుంచి మాటల్లేవు.

కొండ దాటే కనుమ దారి మీద గాలి వీస్తోంది. మంచు తోసే బండి వెనక వరసగా కార్లను ఆపి ఒక్కసారే వదులుతున్నారు. ఆ వరసలో కూర్చుని ఎల్దార్ అన్నతో ఏమనాలో పదిరకాలుగా అనుకుని చూసుకున్నాడు. ఒక్కటీ నచ్చలేదు. ఇంటింటా తాగిన బీరు ఎక్కువైనట్టుంది, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నువ్వు లోపలికెళ్లి గిన్నె అందుకో, మిగతాది దానంతటదే వస్తుందన్నాను.

తోర్‌గైర్ తలుపు తీసి మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. తోమాస్ రోజు ఎవరొచ్చినా గిన్నె ఇవ్వాలి కాబట్టి ఇచ్చాడు. ఎల్దార్ ఇంకా పెదవికి ఆనించకముందే నా దాకా వచ్చింది ఆ వాసన. నారింజ తొక్క, తేనె, వెనకాల కాస్త మట్టివాసన. మా నేలమాళిగ వాసన.  ఎల్దార్ గిన్నె దించకుండా తాగాడు. దించాక, నా మొగుడి నోట ముప్పై ఏళ్లలో నేను వినని మాట విన్నాను.

"కొంచెం తోడు పెడతావా అన్నయ్యా?"

తోర్‌గైర్ వంగి పొయ్యిలో ఒక కట్టె వేశాడు.

"పెడతా. కాకపోతే నీదనుకుని పట్టుకెళ్లకు."

"మరి నీదా?"

"నాదీ కాదురా. నాన్నదీ కాదు. నేస్ వాళ్లది."

ఎల్దార్ నవ్వాడు. నేనూ నవ్వబోయాను. తోర్‌గైర్ మాత్రం నవ్వలేదు.

అతను మెల్లగా చెప్పుకొచ్చాడు. అతనికి పద్నాలుగేళ్లు ఉన్న చలికాలం. మా మామగారు తాగి ఉండి, కాగులో మరిగిన బార్లీ రసం చల్లారకముందే ఉన్న తోడంతా గుమ్మరించేశారు. ఉడికిపోయి చచ్చింది. పొద్దున్నే చూసుకుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవర్నయినా అడిగితే పోయేది. కాని బ్రెక్కె వాళ్లు అడగడమా! ఆదివారం నేస్ వాళ్లంతా చర్చికి వెళ్లిన సమయం చూసి పెద్దకొడుకును వాళ్ల నేలమాళిగలోకి పంపారు. ఆ రోజుల్లో తోడును చెక్కముక్కలు గొలుసులా అల్లిన చుట్టకు పట్టించి, ఎండబెట్టి, వాసానికి వేలాడదీసేవాళ్లు.

"సగం తెమ్మన్నాడు. విరగ్గొట్టడం చేతకాలేదు. పైన ఏదో చప్పుడైంది. భయమేసి మొత్తం పట్టుకొచ్చేశా."

మొత్తమా అన్నాను నేను. మొత్తమే, తుడిచిపెట్టి తెచ్చా అన్నాడు.

ఎల్దార్ గిన్నెను బల్ల మీద దూరంగా జరిపాడు. అతనికి నాకంటే ముందు అర్థమైందనుకుంటాను. నేస్ ఇల్లాలు, కూజా, మా గుమ్మం. బల్ల చుట్టూ ఎంతమందిని నవ్వించాడో ఆ కథతో.

"ఆవిడ అడగడానికి వచ్చింది తన తోడునేరా" అన్నాడు తోర్‌గైర్. "నాన్న నా వైపు చూస్తూనే తలుపేశాడు. నువ్వు బల్ల కింద కూర్చుని చూస్తున్నావ్."

నేస్ బీరు గడ్డినీళ్లన్న మాట పుట్టింది ఆ తర్వాతే. నేస్ బీరు పాత రుచి ఎరిగినవాళ్లు, అది వాళ్లింట్లో పోయి మా ఇంట్లో తేలిందని పోల్చుకుంటారని మా మామగారి భయం. అందుకని ఎవరూ వాళ్లింటికి వెళ్లకుండా, ఎవరూ వాళ్లను పిలవకుండా మాటలతోనే కంచె వేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఒక్క నోరు ఊరు మొత్తాన్ని ఎలా తిప్పేసిందో చూడండి. ఆ కంచె కాపలాకు నేనూ ముప్పై ఏళ్లు ఉన్నాను. బీరు చుక్క తాగనిదాన్ని, లేచి బయటికి వెళ్లి మంచులో నిలబడి ఊపిరి పీల్చుకొచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి ఎల్దార్, మరి ఇన్నాళ్లూ నువ్వెందుకు దాచుకున్నావని అన్నను నిలదీస్తున్నాడు. పారేయడానికి చేతులు రాలేదు, తిరిగివ్వడానికి ధైర్యం రాలేదు అన్నాడు తోర్‌గైర్. ఆ ఇంట్లో యజమానిగా కూర్చోలేకే పొలం వదిలేశానన్నాడు. సీసా మీద ఆ కథ చూశాక చెబుదామనే ఫోన్ చేశానన్నాడు. ఫోన్ పెట్టేసింది ఎవరో మా ముగ్గురికీ తెలుసు. అతను ఒక గాజుసీసా నిండా తోడు పోసి, గుడ్డ చుట్టి, నా చేతికిచ్చాడు. ఎల్దార్ చేతికి ఇవ్వలేదు.

 కనుమ దిగాక ఎల్దార్ అన్నాడు, రేపు పొద్దున్నే కాగు ఎక్కిద్దాం, పండుగ కానిచ్చాక నిదానంగా ఆలోచిద్దాం అని. తెలిసింది మనకీ అన్నయ్యకీ, అంతే కదా అన్నాడు.  నేస్ వాళ్ల గేటు దగ్గర కారు ఆపి ఇంజను కట్టేశాను.

"ఇక్కడెందుకు ఆపావ్?"

"నువ్వు దిగుతావా, నన్ను దిగమంటావా?"

"నాకప్పుడు ఎనిమిదేళ్లు తూరిద్! నేనేం చేశాను?"

"అప్పుడేం చెయ్యలేదు. రేపు కాగు ఎక్కిస్తే చేసినట్టే."

కోపంతో అద్దం మీద గుద్దాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి నా మొగుణ్ణి చూస్తే నాకు భయం వేసింది, కొడతాడని కాదు, దిగడేమోనని. దిగాడు. సీసా నా ఒళ్లోంచి తీసుకుని, తలుపు గట్టిగా వేసి, మంచులో గేటు తోసుకుంటూ వెళ్లాడు. నేను వెనకే పరిగెత్తాను.

సిన్నెవా తలుపు తీసింది. వంటింట్లో బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది, గుడ్డ మీద చెక్క గిన్నె, పక్కన లెఫ్సె రొట్టెలు, వెన్న. అన్నీ ముట్టుకోకుండా ఉన్నాయి. ఏటా తోమాస్ రోజున ఇలా పరిచి పెట్టుకుని కూర్చునేదన్నమాట, ఎవరూ రాని ఇంట్లో.  ఆవిడ మమ్మల్ని ఏమీ అడగలేదు. గిన్నెలో పోసి ఎల్దార్‌కిచ్చింది. రొట్టె ఈస్టు వేసి కాచిన బీరు, పుల్లగా పిండివాసన వస్తోంది. ఎల్దార్ చివరి చుక్క దాకా తాగి, సీసా గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు.

"సిన్నెవా అత్తా, ఇది మీ అమ్మగారిది. మా నాన్న దొంగతనం చేయించాడు. నాకు ఇవాళే తెలిసింది."

ఆవిడ మూత తీసి వాసన చూస్తుందని, ఏడుస్తుందని, కనీసం కూర్చుంటుందని అనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. సీసాను రెండు వేళ్లతో తన వైపు జరుపుకుంది.

"నాకు మూడేళ్ల నుంచీ తెలుసు నాయనా" అంది.

 ఆవిడ లేచి అలమర తలుపు తీసింది. లోపల మా పేరున్న బెర్గెన్ సీసాలు, ఖాళీవి, కడిగి బోర్లించి ఉన్నాయి. మొదటి సీసా కుతూహలంకొద్దీ కొనుక్కొచ్చి, ఇదే వంటింట్లో నిలబడి తాగిందట. మా అమ్మ బీరు నా నోటికి తెలియదా అంది. అప్పట్నుంచి ప్రతి పండక్కీ కొనుక్కుంటోందట. కన్నతల్లి కాచిన బీరు రుచి కోసం, ఆ తల్లి మా గుమ్మంలో అడుక్కుందని వెనకాల రాసి ఉన్న సీసా.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" అన్నాను. 

"ఎవరితో చెప్పను? అడుక్కున్నామని అచ్చేశారుగా. అది చదివాక నేస్ ముసలిది ఏడుపుకొద్దీ అంటోందనరూ?"

 సిన్నెవా ఎల్దార్‌ను చూసి, నువ్వు పసివాడివిలే అప్పుడు అంది. అది ఓదార్పో, దెప్పిపొడుపో నాకు తెలియలేదు. తర్వాత అడిగింది, మీకు పండక్కి కొంచెం తీసి ఉంచనా అని.  ఒక్క గరిటెడు చాలు, మా ఇల్లు నిలబడిపోతుంది.

ఎల్దార్ వద్దన్నాడు. ముందు మీరు కాచుకోండి, నేను వచ్చి అడుగుతాను, ఇలా దొడ్డిదారిన కాదు అన్నాడు. ఆవిడ సరేనంది. మేం గేటు దాటకముందే వాళ్ల నేలమాళిగలో దీపం వెలిగింది.

క్రిస్మస్ పండుగ రోజు మా బల్ల మీద ఎండు గొర్రె పక్కటెముకలున్నాయి, దుంపలున్నాయి, నీళ్లున్నాయి. ఎల్దార్ బెర్గెన్ కుర్రాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు పండుగ భోజనం మధ్యలో ఉన్నా వినిపించుకోకుండా, జరిగిందంతా చెప్పాడు. వాళ్లు మొదట తాగి ఉన్నాడనుకున్నారు.

మర్నాడు పెందలాడే లోయవాళ్లంతా వచ్చారు. లైదుల్వ్ అందరికంటే ముందు, పెళ్లాన్ని వెంటబెట్టుకుని, గిన్నె ఏదన్నయ్యా అంటూ. ఎల్దార్ వాకిట్లోనే నిలబడ్డాడు.

"మా ఇంట్లో బీరు లేదు. నేస్ ఇంటికి పదండి."

ఆ గడ్డినీళ్లకా అని ఎవరో నవ్వారు. ఎల్దార్ నవ్వలేదు. నడిచాడు. బ్రెక్కె వాళ్లకు మతిపోయిందనుకున్నారో, తమాషా చూద్దామనుకున్నారో, అందరూ వెనకే వచ్చారు. మంచు నిండిన పొలం అడ్డంగా దాటి, ఎన్నో ఏళ్లుగా ఎవరూ తొక్కని ఆ వాకిట్లో గుంపుగా నిలబడ్డారు. సిన్నెవా వంటింటి తలుపు బార్లా తీసి పెట్టింది. నారింజ తొక్క వాసన వాకిట్లోకి వచ్చింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇది బ్రెక్కె బీరు కదా అని లైదుల్వ్ పెళ్లాం నా చెవిలో గొణిగింది. కాదన్నాను.

సిన్నెవా ఎల్దార్‌కు గిన్నె ఇచ్చింది. అతను గుమ్మంలోనే నిలబడి తాగాడు.  గిన్నె తిరిగిచ్చి అడిగాడు.

"సిన్నెవా అత్తా, కొంచెం తోడు పెడతారా?"

 లైదుల్వ్ సరిగా విందామని ముందుకు జరిగాడు. సిన్నెవా గిన్నె తుడుచుకుంటూ అతని మొహంలోకి చూసింది.

"ఎవరైనా అడిగితే ఎవరి తోడని చెబుతావ్?"

"నేస్ వాళ్ల తోడని. మా నాన్న దొంగిలించాడని."

ఆవిడ మెడ చాచి అతని భుజం మీదుగా వాకిట్లోకి చూసింది.

"గేటు దగ్గరున్న వాళ్లకు వినపడలేదు" అంది. "ఇంకోసారి చెప్పు."

ఎల్దార్ గుంపు వైపు తిరిగి ఇంకోసారి చెప్పాడు.